ట్రైలర్ ఇండికేటర్ల వైరింగ్

లాగే వాహనంలోని ఇండికేటర్ సర్క్యూట్‌ను దాని వెనుక తగిలించిన ట్రైలర్ దీపాల దాకా కొనసాగించే ఏర్పాటే ట్రైలర్ ఇండికేటర్ల వైరింగ్. డ్రైవరు స్టీరింగు దగ్గరి మీటను ఒకసారి కదిపితే చాలు, ముందు వాహనం దీపాలూ వెనుక ట్రైలర్ దీపమూ ఒకే వైపున, ఒకే లయలో వెలిగి ఆరాలి. ట్రైలర్‌కు ఇంజను ఉండదు, సాధారణంగా బ్యాటరీ కూడా ఉండదు. దాని దీపాలకు కావలసిన కరెంటంతా ముందు వాహనం నుంచే, ఒక సాకెట్టు, ఒక ప్లగ్గు, ఏడు వైర్ల కేబులు మీదుగా రావాలి.

తెలుగు పల్లెల్లో ట్రక్కు, ట్రాలీ, తొట్టి అని పిలిచే ట్రాక్టర్ ట్రైలర్ విషయంలో ఈ వైరింగ్ అవసరం సులభంగా తెలుస్తుంది. ధాన్యం బస్తాలో పత్తో ఎత్తుగా నింపిన ట్రక్కు ట్రాక్టర్ వెనుక దీపాలను పూర్తిగా మూసేస్తుంది. రాత్రిపూట వెనుక మోటారు సైకిలు మీద వస్తున్న మనిషికి ట్రాక్టర్ కనబడదు, ట్రక్కు వెనుక డోరు మాత్రమే కనబడుతుంది. ట్రాక్టర్ ఎడమకు తిరగబోతోందో, కుడివైపు పొలం బాటలోకి దిగబోతోందో అతనికి చెప్పగలిగేది ఆ డోరు పక్కనున్న దీపం ఒక్కటే. అందుచేత ట్రైలర్ ఇండికేటర్లను అదనపు హంగుగా లెక్కవేయడం పొరపాటు. ట్రాక్టర్, ట్రక్కు కలిసి రోడ్డెక్కినప్పుడు ఆ జంటకు వెనుక ఉన్న సంకేతాలు అవే.

చట్టం కూడా ఇలాగే చూస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం మోటారు వాహనానికి ఇచ్చిన నిర్వచనంలో ట్రైలర్‌ను చేర్చింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 102వ నియమం ఇండికేటర్లు నారింజ పసుపు రంగులో ఉండాలనీ, నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా వెలిగి ఆరాలనీ చెబుతుంది. ఐరోపా నిబంధనలు కోరే వేగమూ ఇదే. వెనుక డోరుకు అంటించే ఎరుపు రిఫ్లెక్టర్ టేపు మంచిదే కాని, అది వాహనం ఉన్న చోటును మాత్రమే చెబుతుంది. ఎటు తిరుగుతుందో చెప్పలేదు.

సర్క్యూట్, ఫ్లాషర్

ఇండికేటర్ కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్చు దాటి ఫ్లాషర్‌లోకి వెళుతుంది. ఫ్లాషర్ దాన్ని నిమిషానికి సుమారు 90 సార్లు తెంచి కలుపుతుంది. అలా తెగి కలిసే కరెంటు ఇండికేటర్ మీటకు చేరి, మీట ఎటు తిరిగి ఉంటే ఆ వైపు దీపాలకు వెళుతుంది. జర్మన్ ప్రమాణం డి.ఐ.ఎన్. 72552 ప్రకారం ఫ్లాషర్‌లోకి వచ్చే టెర్మినల్ 49, బయటికి వెళ్లేది 49ఎ. మీట తర్వాత ఎడమ వైరు ఎల్, కుడి వైరు ఆర్. ఈ గుర్తులు చాలా దేశాల ఫ్లాషర్ల మీద, సాకెట్ల మీద కనిపిస్తాయి. ట్రైలర్ కోసం చీల్చే వైర్లు ఎప్పుడూ మీట దాటిన తర్వాత, అంటే ఎల్, ఆర్ వైర్ల నుంచే బయల్దేరాలి. అంతకు ముందు చీలిస్తే రెండు వైపుల దీపాలూ కలిసి వెలుగుతాయి.

ఇండికేటర్ బల్బు మామూలుగా 21 వాట్లది. 12 వోల్టుల వ్యవస్థలో అది 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. వాహనానికి ఒక వైపున ముందొకటి, వెనుకొకటి కలిపి 42 వాట్లు, 3.5 ఆంపియర్లు. ట్రైలర్ తగిలిస్తే మూడో బల్బు చేరి 63 వాట్లు, 5.25 ఆంపియర్లు అవుతుంది. మహారాష్ట్ర చక్కెర మిల్లులకు చెరకు తోలే ట్రాక్టర్ల మాదిరిగా ఒకదాని వెనుక ఒకటి రెండు ట్రైలర్లు కడితే 84 వాట్లు, 7 ఆంపియర్లు. హజార్డ్ స్విచ్చు నొక్కినప్పుడు రెండు వైపులా వెలుగుతాయి కాబట్టి ఈ లెక్కలన్నీ రెట్టింపవుతాయి. ఫ్యూజు, ఫ్లాషర్, మీటలోని కాంటాక్టులు ఈ భారానికి తగినవై ఉండాలి.

పాత ఫ్లాషర్లు వేడితో పనిచేస్తాయి. లోపలి ద్విలోహ పట్టీ కరెంటుకు వేడెక్కి వంగుతుంది, సర్క్యూట్ తెగుతుంది, చల్లారగానే మళ్లీ కలుస్తుంది. వీటి వేగం భారాన్ని బట్టి మారుతుంది. ట్రైలర్ బల్బు కూడా చేరితే పట్టీ త్వరగా వేడెక్కి దీపాలు హడావిడిగా కొట్టుకుంటాయి, బల్బొకటి కాలిపోతే వేగం మందగిస్తుంది లేదా వెలిగిన దీపం అలాగే నిలిచిపోతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ల తీరు దీనికి భిన్నం. వేగాన్ని టైమరు నిర్ణయిస్తుంది కాబట్టి భారం పెరిగినా లయ మారదు. బల్బు కాలిపోయి కరెంటు తగ్గినప్పుడు మాత్రం అది కావాలనే వేగాన్ని రెట్టింపు చేసి డ్రైవరును హెచ్చరిస్తుంది.

ట్రైలర్ చేరగానే ఈ హెచ్చరికలో ఒక లొసుగు ఏర్పడుతుంది. రెండు బల్బుల కరెంటు ఉందో లేదో చూసుకొనే ఫ్లాషర్‌కు మూడో బల్బు కాలిపోయినా తేడా తెలియదు. ముందు వాహనం దీపాలు చక్కగా కొట్టుకుంటూనే ఉంటాయి, అందరికీ కనబడవలసిన వెనుక దీపం మాత్రం చచ్చి ఉంటుంది. అందుకే ట్రైలర్ లాగే వాహనాల ఫ్లాషర్లలో సి2 అనే మరో టెర్మినల్ ఉంటుంది. దానికి కలిపిన చిన్న దీపం డ్రైవరు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. ట్రైలర్ బల్బు నిజంగా కరెంటు తీసుకుంటేనే అది మినుకుతుంది. ఈ చిన్న దీపం లేని వాహనానికి ట్రైలర్ కట్టి రాత్రి నడిపే డ్రైవరుకు వెనుక పరిస్థితి తెలిసే దారి లేదు.

ఏడు పిన్నుల సాకెట్టు

12 వోల్టుల వాహనాలకు ప్రపంచంలో ఎక్కువగా వాడే ఏడు పిన్నుల సాకెట్టును ఐ.ఎస్.ఓ. 1724 నిర్దేశిస్తుంది. దీన్ని 12ఎన్ రకం అంటారు. ఇందులో 1వ పిన్ను ఎడమ ఇండికేటర్, వైరు పసుపు. 4వ పిన్ను కుడి ఇండికేటర్, వైరు ఆకుపచ్చ. 3వ పిన్ను ఎర్త్, తెలుపు. 6వ పిన్ను బ్రేకు దీపాలు, ఎరుపు. 5వది కుడి టెయిల్ దీపం, గోధుమరంగు. 7వది ఎడమ టెయిల్ దీపం, నలుపు. మిగిలిన 2వ పిన్ను, నీలం, వెనుక ఫాగ్ దీపానిది. ఆ దీపం లేని ట్రైలర్లలో అది ఖాళీగా ఉంటుంది.

24 వోల్టుల లారీలకు ఐ.ఎస్.ఓ. 1185 అనే వేరే ప్రమాణం ఉంది. వాటి పిన్నుల వరస వేరు: 1 ఎర్త్, 2 ఎడమ టెయిల్, 3 ఎడమ ఇండికేటర్, 4 బ్రేకు, 5 కుడి ఇండికేటర్, 6 కుడి టెయిల్. అంటే 12 వోల్టుల్లో ఎడమ ఇండికేటర్‌కు చెందిన ఒకటో పిన్ను 24 వోల్టుల్లో ఎర్త్ అవుతుంది. లారీ నుంచి ఊడదీసిన పాత కేబులును ట్రాక్టర్ ట్రక్కుకు వేసి, రెండు చివరలకూ చెరో ప్రమాణం పాటిస్తే ఇండికేటర్ వేసిన ప్రతిసారీ ఫ్యూజు పోయేది ఇందువల్లే. వోల్టేజి కూడా కలవదు. 12 వోల్టుల బల్బుకు 24 వోల్టులు ఇస్తే క్షణంలో మాడిపోతుంది, 24 వోల్టుల బల్బు 12 మీద నిప్పుకణికలా ఎర్రగా మాత్రమే వెలుగుతుంది.

వైర్ల రంగులను పూర్తిగా నమ్మడానికి లేదు. మరమ్మతుల్లో చేతికందిన వైరు వేసిన ట్రైలర్లే ఎక్కువ. సాకెట్టు మీద, ప్లగ్గు మీద పిన్నుల పక్కన పోతపోసిన అంకెలు మాత్రం మారవు. సాకెట్టును ముందు నుంచి చూసినప్పటి వరస వెనుక నుంచి, అంటే వైర్లు బిగించే వైపు నుంచి చూస్తే తిరగబడి కనిపిస్తుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రక్కుకు కుడి దీపం వెలగడానికి తరచూ కారణం ఇదే. దీపం అసలు వెలగకపోవడం కంటే ఇలా తప్పువైపు వెలగడం ప్రమాదకరం, ఎందుకంటే వెనుకవాడు దాన్ని నమ్మి ఓవర్‌టేక్ చేయడానికి వస్తాడు.

ఐరోపాలో కార్లు లాగే ట్రైలర్లకు ఇప్పుడు ఎక్కువగా 13 పిన్నుల ఐ.ఎస్.ఓ. 11446 సాకెట్టు వాడుతున్నారు. దాని మొదటి ఏడు పిన్నుల పనులు 12ఎన్ సాకెట్టులో ఉన్నట్టే ఉంటాయి. 8వది రివర్సు దీపానిది, 9, 10 పిన్నులు ట్రైలర్‌లోని ఇతర పరికరాలకు కరెంటు ఇస్తాయి. 24 వోల్టుల భారీ లారీలకు 15 పిన్నుల ఐ.ఎస్.ఓ. 12098 ఉంది.

అమెరికా పద్ధతి

అమెరికాలో చిన్న ట్రైలర్ల వైరింగ్ తీరు మౌలికంగానే వేరు. అక్కడి సమాఖ్య ప్రమాణం 108 వెనుక ఇండికేటర్ ఎరుపులో ఉన్నా అనుమతిస్తుంది కాబట్టి, బ్రేకుకూ ఇండికేటర్‌కూ ఒకే ఫిలమెంటును వాడే అలవాటు స్థిరపడింది. బ్రేకు వైరు ఇండికేటర్ మీట గుండా పోతుంది. బ్రేకు నొక్కి ఉండగా ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ దీపం కొట్టుకుంటుంది, కుడి దీపం బ్రేకు దీపంగా నిలకడగా వెలుగుతుంది. ఇందువల్ల నాలుగు వైర్లతో పని జరిగిపోతుంది: తెలుపు ఎర్త్, గోధుమరంగు టెయిల్, పసుపు ఎడమ ఇండికేటర్‌తో బ్రేకు, ఆకుపచ్చ కుడి ఇండికేటర్‌తో బ్రేకు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇల్లు మారేటప్పుడు అద్దెకు తెచ్చుకొనే చిన్న సామాన్ల ట్రైలర్‌కు వేలాడే చదునైన నాలుగు తలల ప్లగ్గు ఇదే. పెద్ద ట్రైలర్ల ఏడు పిన్నుల సాకెట్టులో వీటికి తోడు ఎలక్ట్రిక్ బ్రేకుకు, బ్యాటరీ కరెంటుకు, రివర్సు దీపానికి వైర్లు చేరతాయి. భారీ లారీలకు ఎస్.ఏ.ఇ. జె560 సాకెట్టు వాడతారు. అందులో బ్రేకు పిన్ను విడిగా ఉంటుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, లాగే కారుకు నారింజ పసుపు ఇండికేటర్, ఎర్ర బ్రేకు దీపం విడివిడిగా ఉండి, ట్రైలర్‌కు ఒకే దీపం ఉన్నప్పుడు. ఎడమ, కుడి, బ్రేకు అనే మూడు వైర్ల సంకేతాలను ట్రైలర్ కోరే రెండు వైర్లలోకి మార్చాలి. వైర్లను నేరుగా ముడివేస్తే బ్రేకు కరెంటు ఇండికేటర్ వైర్లలోకి వెనక్కి పారి కారు దీపాలన్నీ కలగాపులగమవుతాయి. ఈ మార్పును కన్వర్టర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. ఇండికేటర్ సంకేతం వచ్చిన వైపున బ్రేకు సంకేతాన్ని ఆపి, రెండో వైపుకు మాత్రమే పంపడం దాని పని.

రెండింటిలో విడి దీపాల పద్ధతే మేలైనది. బ్రేకు, మలుపు అనే రెండు వేర్వేరు మాటలను ఒకే ఎర్రదీపం చెప్పబోతే వెనుకవారికి అర్థం కావడానికి క్షణం ఆలస్యమవుతుంది, రోడ్డు మీద ఆ క్షణం విలువైనది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2009లో ప్రచురించిన అధ్యయనం ఎర్ర ఇండికేటర్ల నుంచి నారింజ పసుపుకు మారిన కార్ల నమూనాలను పరిశీలించింది. మలుపు తిరుగుతున్నప్పుడో లేన్ మారుతున్నప్పుడో వెనుక నుంచి గుద్దించుకొనే ప్రమాదాలు ఆ మార్పుతో 5.3 శాతం తగ్గాయని తేల్చింది.

ఎర్త్

ట్రైలర్ వైరింగ్‌లో వచ్చే వింత లోపాల్లో ఎక్కువ భాగానికి మూలం ఇండికేటర్ వైరు కాదు, ఎర్త్ వైరు. బల్బుకు వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరాలి. ట్రాక్టర్‌లో ఆ దారి ఇనుప బాడీయే. ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి బాడీలు రెండయ్యాయి, వాటిని కలిపేది హుక్కు, పిన్ను మాత్రమే. వాటి మధ్య గ్రీజు, తుప్పు, మట్టి ఉంటాయి. గతుకుల్లో అవి ఎగిరెగిరి పడుతుంటాయి. హుక్కు మీదుగా ఎర్త్ దొరుకుతుందిలే అని తెల్ల వైరును వదిలేసిన ట్రక్కు షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు బాగానే వెలుగుతుంది, రోడ్డు మీద బరువుతో నడిచేటప్పుడు తడబడుతుంది. అందువల్ల సాకెట్టు 3వ పిన్ను నుంచి ట్రైలర్ చాసిస్ దాకా విడిగా వైరు వేసి తీరాలి. వీలైతే అక్కడి నుంచి ప్రతి దీపం హోల్డరుకూ వైరు లాగాలి.

ఈ వైరు మందం లెక్క చూడదగ్గది. ఎడమ ఇండికేటర్ 21 వాట్లు, రెండు బ్రేకు దీపాలు 42, రెండు టెయిల్ దీపాలు 10, నంబరు ప్లేటు దీపం 5: అన్నీ వెలిగినప్పుడు 78 వాట్లు, అంటే 6.5 ఆంపియర్లు. ఇండికేటర్ వైరులో పారేది అందులో 1.75 మాత్రమే, కాని ఎర్త్ వైరు మొత్తం 6.5 ఆంపియర్లనూ మోస్తుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్లకు నిరోధం 0.117 ఓములు. ఇండికేటర్ వైరులో అది 0.2 వోల్టులే తింటుంది, అదే మందంలో వేసిన ఎర్త్ వైరు 0.76 వోల్టులు తింటుంది. బోల్టు దగ్గర తుప్పు వల్ల మరో 0.2 ఓముల నిరోధం చేరితే ఇంకో 1.3 వోల్టులు పోతాయి. మొత్తం మీద బల్బుకు 12కు బదులు 10 వోల్టులు కూడా అందవు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. 11 వోల్టుల దగ్గర నాలుగో వంతు వెలుగు తగ్గుతుంది, 10 వోల్టుల దగ్గర దాదాపు సగం పోతుంది. ఎర్త్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ 0.76 నష్టం 0.23కు దిగుతుంది. కొన్ని రూపాయల తేడాకు సన్న వైరు వేసే పని ఇక్కడ ఏమాత్రం తగదు. 13 పిన్నుల సాకెట్టులో దీపాలకు ఒకటి, మిగతా పరికరాలకు రెండు, మొత్తం మూడు ఎర్త్ పిన్నులు పెట్టడం వెనుక ఉన్నది ఈ లెక్కే.

ఎర్త్ పూర్తిగా తెగిపోతే దీపాలు ఆరిపోవు, విచిత్రంగా ప్రవర్తిస్తాయి. ఎడమ ఇండికేటర్ వేయగానే కరెంటు బల్బు గుండా ట్రైలర్ చాసిస్‌కు చేరుతుంది. అక్కడి నుంచి వెనక్కి పోయే సరైన దారి లేక టెయిల్ దీపాల ఫిలమెంట్లలోకి తిరగబడి ఎక్కుతుంది, టెయిల్ వైరు మీదుగా ట్రాక్టర్ టెయిల్ దీపాల దాకా పోయి అక్కడి ఎర్త్‌ను అందుకుంటుంది. ఫలితంగా ఇండికేటర్ వేస్తే టెయిల్ దీపాలు మసకగా కొట్టుకుంటాయి, బ్రేకు నొక్కితే ఇండికేటర్లు మిణుకుమంటాయి. ఒక దీపం వేస్తే సంబంధం లేని ఇంకొక దీపం వెలిగితే మొదట చూడవలసింది తెల్ల వైరునే.

ఎల్‌ఇడి దీపాలు, కొత్త వాహనాలు

ఎల్‌ఇడి ఇండికేటర్ 21 వాట్ల బల్బులో పదోవంతు కరెంటుతో సరిపెట్టుకుంటుంది. గతుకులకు ఫిలమెంటు తెగే బాధ లేదు కాబట్టి ట్రక్కులకు ఇది బాగా నప్పుతుంది. అయితే పాత ఫ్లాషర్‌కు ఆ కొద్ది కరెంటు బల్బు కాలిపోయినట్టు తోస్తుంది. ఎలక్ట్రానిక్‌దైతే దీపాలు రెట్టింపు వేగంతో కొట్టుకుంటాయి, వేడితో పనిచేసేదైతే అసలు కొట్టుకోకపోవచ్చు. దీనికి పరిష్కారంగా దీపానికి సమాంతరంగా 6 ఓముల, 50 వాట్ల రెసిస్టర్ కడతారు. అది 12 వోల్టుల మీద 2 ఆంపియర్లు తీసుకొని 21 వాట్ల బల్బు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. వెలిగినంతసేపూ 24 వాట్ల వేడి పుట్టిస్తుంది కాబట్టి దాన్ని ఇనుప పలక మీదే బిగించాలి, ప్లాస్టిక్‌కు, వైర్లకు తగలకూడదు. దీనికో పెద్ద లోపం ఉంది: ఎల్‌ఇడి చచ్చిపోయినా రెసిస్టర్ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, హెచ్చరిక రాదు. ఎల్‌ఇడిలకు తగ్గ ఫ్లాషర్ వేయడం దీనికంటే మంచి మార్గం.

దీపాలను కంప్యూటర్ నడిపే కొత్త కార్లలో, పికప్‌లలో వైరు గీకి ముడివేయడం కుదరదు. వాటి దీపాల సర్క్యూట్లు సొంత దీపాలకు సరిపడేంత కరెంటే ఇస్తాయి, ట్రైలర్ భారం పడితే కంట్రోల్ యూనిట్ ఆ వైపు దీపాలను ఆపేస్తుంది. కొన్నింటిలో బ్రేకు, టెయిల్ రెండు సంకేతాలూ ఒకే వైరులో వేర్వేరు నిడివి గల స్పందనలుగా వస్తాయి. ఇలాంటి వాహనాలకు ట్రైలర్ మాడ్యూల్ వాడతారు. అది వాహనం దీపాల వైర్ల నుంచి సంకేతం మాత్రం గ్రహించి, ట్రైలర్ దీపాలకు కావలసిన కరెంటును బ్యాటరీ నుంచి విడి ఫ్యూజు మీదుగా నేరుగా తెచ్చుకుంటుంది. ఈ కార్లు బల్బులు బాగున్నాయో లేవో చూడటానికి చిన్న విద్యుత్ స్పందనలు పంపుతుంటాయి. ఫిలమెంటు వాటికి వెలగదు కాని, ఎల్‌ఇడి మసకగా మినుకుతుంది.

బిగింపు, పరీక్ష

దీపాలను ట్రైలర్ వెనుక రెండు అంచులకు దగ్గరగా, ఒకే ఎత్తులో బిగిస్తారు. డోరు కిందికి వేలాడినప్పుడు మూసుకుపోని చోటు చూడాలి. గడ్డి, చెరకు అంచులు దాటి వేలాడే లోడ్లలో ఎంత మంచి వైరింగ్ అయినా లోడు చాటున దాగిపోతుంది కాబట్టి, అలాంటి రవాణాకు దీపాల పట్టీ ఒకటి విడిగా చేయించి లోడు చివర కట్టడం ఉపయోగకరం. కేబులును చాసిస్ లోపలి అంచున క్లిప్పులతో బిగించి, ఇనుప రంధ్రాల గుండా పోయే చోట రబ్బరు వాషరు వేయాలి. తొట్టి లేచే టిప్పర్ ట్రక్కుల్లో కీలు దగ్గర, అన్ని ట్రైలర్లలోనూ హుక్కు దగ్గర మలుపుకు సరిపడా వదులు ఉంచాలి. ఎక్కువ వదిలితే నేలకు రాసుకొని పోతుంది. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ సాకెట్టులో బురద నీరు చేరుతుంది, మూత స్ప్రింగు పనిచేయకపోతే కొద్ది రోజుల్లోనే పిన్నుల మీద పచ్చని కిలుం పడుతుంది.

పరీక్ష రెండు భాగాలుగా చేస్తే లోపం ఏ వైపుందో వెంటనే తెలుస్తుంది. ముందు ట్రైలర్ ప్లగ్గును ఊడదీసి, విడి 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్‌ను 3వ పిన్నుకు కలిపి, పాజిటివ్‌ను ఫ్యూజు మీదుగా 1, 4, 5, 6, 7 పిన్నులకు వరసగా తాకించాలి. ప్రతిసారీ ఆ దీపం మాత్రమే నిండుగా వెలగాలి. తర్వాత ట్రాక్టర్ సాకెట్టులో 21 వాట్ల బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపును 3వ పిన్నుకూ మిగతా పిన్నులకూ మధ్య పెట్టి చూడాలి. మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోవచ్చు: తుప్పు పట్టిన కాంటాక్టు కూడా భారం లేనప్పుడు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు భారం పడగానే కూలిపోతుంది. రెండూ సరిగా ఉంటే ప్లగ్గు కలిపి, దీపాలన్నీ వేసి, ట్రైలర్ చాసిస్‌కూ ట్రాక్టర్ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవాలి. అది అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో పని మిగిలి ఉన్నట్టే.

కోతల కాలం ముగిశాక ట్రక్కు నెలల తరబడి చెట్టు కింద నిలిచిపోతుంది. ఎలుకలు కేబులు కొరకడం, హోల్డర్లు తుప్పు పట్టడం ఎక్కువగా ఆ ఖాళీ నెలల్లోనే జరుగుతుంది. ప్లగ్గును నేల మీద పడేయకుండా ఎత్తున కట్టి ఉంచడం, పిన్నులకు పెట్రోలియం జెల్లీ పూయడం, మళ్లీ వడ్లు తోలే ముందు హోల్డర్లను గరుకు కాగితంతో రుద్ది ఎర్త్ బోల్టును విప్పి శుభ్రం చేసి బిగించడం దీనికి తగిన నిర్వహణ.